సొంతూరి మీద బెంగ లేనివాళ్ళ కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళి వచ్చాక కొంతమంది గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంది: "అందరూ ఊరు ఊరు అని అంత ఇదైపోతారు, నాకైతే ఏం అనిపించదు." వరంగల్, కరీంనగర్, గోదావరిఖని, జగిత్యాల వైపు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో గల్ఫ్‌కో వెళ్ళినవాళ్ళు ఈ మాట అన్నాక, దాని వెనకాలే వచ్చే ప్రశ్నలివి. జవాబుల్లో మనస్తత్వశాస్త్రం చెప్పిందీ ఉంది, నా అభిప్రాయమూ ఉంది. ఏది ఏదో చదువుతుంటే తెలిసిపోతుంది.

సొంతూరంటే నాకేమీ అనిపించదు. ఇది మానసిక సమస్యా?

కాదు. డాక్టర్లు వాడే మానసిక రుగ్మతల జాబితాల్లో ఊరి మీద బెంగ లేకపోవడం అనే జబ్బు లేదు. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు బెంగ ఉండటమే జబ్బు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో 'నోస్టాల్జియా' అన్న పేరు పెట్టి, దాన్ని ఒక రోగంగా వర్ణించాడు. ఇంటికి దూరమైనవాళ్ళు తిండి సయించక, నిద్ర పట్టక చిక్కిపోతారన్నాడు. అసలైన మందు ఇంటికి పంపించడమే అన్నాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో సైన్యాల డాక్టర్లు సైనికుల్లో ఈ రోగాన్ని వెతికి పట్టుకునేవారు. ఇప్పుడు కథ తిరగబడింది. ఊరి పేరు చెప్పగానే కళ్ళు చెమర్చినవాడు మంచోడు, చెమర్చనివాడి మీద మనకు డౌటు.

ఇంటి మీద బెంగ, నోస్టాల్జియా ఒకటేనా?

దగ్గరివే కానీ వేరు. హాస్టల్లో చేరిన మొదటి నెలలో ఇంటర్ పిల్లవాడికి పట్టుకునేది ఇంటి బెంగ. ఇల్లు అక్కడే ఉంది, తను లేడు, అదీ బాధ. శాతవాహన ఎక్కి కాజీపేటలో దిగితే తీరిపోతుంది. రెండోది గడిచిపోయిన కాలం మీద కలిగే తీపీ చేదూ కలిసిన భావం. దానికి ఏ రైలూ లేదు. మొదటిది ఎప్పుడో అనుభవించి, రెండోది అసలు తెలియనివాళ్ళు ఉంటారు. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఎక్కువగా రెండోదాని గురించి.

మరి మిగతావాళ్ళకు అది ఎందుకు కలుగుతుంది?

ఈ విషయం మీద చాలా పని చేసినవాళ్ళు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. టిమ్ వైల్డ్‌షట్, కాన్‌స్టంటీన్ సెడికిడీస్, వాళ్ళ సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధనలో, జనం రాసిచ్చిన పాత జ్ఞాపకాలను విడమరిచి చూశారు. చాలావాటిలో ముఖ్యపాత్ర రాసినవాళ్ళదే. చుట్టూ వాళ్ళ దగ్గరి మనుషులు. ఇలాంటి జ్ఞాపకాలు ఎప్పుడు ముసురుకుంటాయని అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబు, మనసు బాగాలేనప్పుడు అని. అందులోనూ ఒంటరితనం ముందు వరుసలో ఉంది.

ఈ రెండు ముక్కలూ కలిపితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మేడారం జాతర గుర్తొచ్చి గొంతు పూడుకుపోయే మనిషిని కాస్త మాట్లాడించి చూడండి. గద్దెల దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో ఎడ్లబండిలో తనను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అమ్మమ్మ దగ్గరికి వచ్చేస్తాడు. జంపన్న వాగు నీళ్ళు ఆయనకు గుర్తుండటానికి కారణం, అందులో తన చెయ్యి పట్టుకుని ముంచిన మనిషి. ఆ మనుషులందరూ ఇప్పటికీ మీ చుట్టూనే ఉంటే? అమ్మానాన్నలు మీతోపాటు మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో, అక్క రెండు వీధుల అవతల, చిన్నప్పటి దోస్తు అదే ఆఫీసులో. అప్పుడు ఊరు మీ మనసులోంచి ఏం పిలవాలి? ఎవరి గొంతుతో పిలవాలి? పైగా మీరు ఒంటరిగానూ లేరు.

వరంగల్ రెండు గంటల దూరం. దగ్గర కాబట్టే బెంగ లేదా?

అయ్యుండొచ్చు. తలుచుకుంటే శనివారం పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండగలిగినవాడికీ, రెండేళ్ళకోసారి సెలవు దొరికే సిరిసిల్ల, జగిత్యాల గల్ఫ్ కార్మికుడికీ తేడా ఉంటుంది. చేతికి అందే దానికోసం మనసు పెద్దగా ఆరాటపడదు. ఇలాంటివాళ్ళు "నాకు బెంగ లేదు" అనడం కంటే "నాకింకా ఆ అవసరం పడలేదు" అనడం సబబు.

ఇరవై ఏళ్ళు అక్కడే పెరిగాను కదా. అంతకాలం ఉన్నాక కూడా అనుబంధం ఎందుకు కుదరలేదు?

ఒక చోట ఎంతకాలం ఉంటే అనుబంధం అంత బలంగా ఉండటం మామూలే. పోలండ్ పరిశోధకురాలు మరియా లెవిత్స్కా 2011లో నలభై ఏళ్ళ అధ్యయనాలను సమీక్షించినప్పుడు కూడా నివాసకాలానిది గట్టి పాత్రేనని తేలింది. కానీ కాలం ఒక్కటే ఆ పని చెయ్యదు. ఆ కాలంలో అక్కడ మనుషులతో ముడులు పడాలి. సొంత గల్లీ అవతల కూడా మీకంటూ కొన్ని జాగాలుండాలి. పదో తరగతి దాకా స్కూలు, ట్యూషన్, ఇల్లు. ఆ తర్వాత రెండేళ్ళు ఇంటర్ రెసిడెన్షియల్. ఆ తర్వాత ఇంజనీరింగ్‌కి వేరే ఊరు. మన దగ్గర ఎంతమంది పిల్లల బాల్యం ఇలాగే గడిచిపోయింది! వాళ్ళు హన్మకొండలో పదిహేనేళ్ళు ఉన్నారు నిజమే. భద్రకాళి చెరువు కట్ట మీద ఎన్ని సాయంత్రాలు నడిచారు? వేయి స్తంభాల గుడికి చుట్టాలొచ్చినప్పుడు తప్ప ఎప్పుడైనా వెళ్ళారా? ఊళ్ళో ఉండటం వేరు, ఊరితో మసలడం వేరు.

లీలా స్కానెల్, రాబర్ట్ గిఫర్డ్ అనే కెనడా పరిశోధకులు 2010లో స్థలానుబంధాన్ని మూడు వైపుల నుంచి చూడాలన్నారు: మనిషి, స్థలం, వాటి మధ్య మనసులో జరిగే ప్రక్రియ. ఈ మూడింట్లో ఏ ఒక్కటి పలచబడ్డా ముడి వదులవుతుంది. దీన్ని మీ స్వభావంలో లోటుగా లెక్కేసుకోవద్దు. చాలాసార్లు ఆ ముడి పడేంత తీరిక మన చదువులు ఇవ్వలేదు, అంతే.

మేం క్వార్టర్లలో పెరిగాం. మాకు సొంతూరు ఏదో కూడా చెప్పలేం. ఇదీ అలాంటిదేనా?

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్న మిగతాచోట్ల కంటే ఎక్కువ వినిపించడానికి కారణం ఉంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లు. కాజీపేటలో రైల్వే క్వార్టర్లు. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లు. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే సైకిల్ నేర్చుకుని, బొగ్గు బాయికి పోయే నాన్న షిఫ్టును బట్టి ఇంట్లో చప్పుడు చెయ్యాలో వద్దో నేర్చుకుని పెద్దవాళ్ళయ్యారు. నాన్న రిటైరయ్యాడు, క్వార్టర్ ఖాళీ చేశారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరో ఉంటున్నారు. కొన్నిచోట్ల ఎవరూ లేరు. 1999లో ఎరువుల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆ కాలనీ జనం ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ పిల్లల్ని "మీదే ఊరు?" అని అడిగితే ఇబ్బంది. నాన్న పుట్టిన పల్లె పేరు చెప్తే అక్కడ వాళ్ళకు తెలిసినవాళ్ళు లేరు. గోదావరిఖని అంటే అక్కడ ఇల్లు లేదు. నాన్నకు తన పల్లె మీద ఉన్న బెంగను మన నెత్తిన కూడా మోయాలని ఇంట్లో ఆశిస్తారు. బోనాలకో, ఎవరో పోతేనో ఏడాదికోసారి చూసిన ఊరి మీద వారసత్వంగా బెంగ రాదు. పొలం వస్తుంది, ఇంటిపేరు వస్తుంది, ఇది మాత్రం రాదు.

తరచూ ఇళ్ళు మారడం మనిషిని ఎలా మారుస్తుందో షిగెహిరో ఒయిషి అనే మనస్తత్వవేత్త వివరంగా పరిశీలించారు. అలా మారినవాళ్ళు తామెవరో చెప్పుకునేటప్పుడు తాము చెందిన సమూహాల కంటే తమ సొంత గుణాలకు, నైపుణ్యాలకు ముందు చోటిస్తారని ఆయన పరిశోధనల్లో తేలింది. "నేను ఫలానా ఊరివాణ్ణి" బదులు "నేను ఇలాంటివాణ్ణి" అనడం అన్నమాట. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. కొత్త ఊళ్ళో త్వరగా కుదురుకుంటారు. పాత ఊరి పిలుపు తక్కువ వినిపిస్తుంది. అయితే క్వార్టర్ల పిల్లల వాట్సప్ గ్రూపుల్లో రోజూ జరిగే సందడి చూస్తే, వాళ్ళకు బెంగ లేదని నేను నమ్మను. మనుషుల మీద బోలెడు ఉంది. స్థలమే చేజారింది.

మా జిల్లా పేరే రెండు సార్లు మారింది. దాని ప్రభావం ఉంటుందా?

ములుగువాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇది. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. వరంగల్ రూరల్‌లో ఉన్నవాళ్ళలో చాలామంది 2021లో వరంగల్ జిల్లావాళ్ళయ్యారు, అర్బన్‌లో ఉన్నవాళ్ళలో చాలామంది హనుమకొండ జిల్లావాళ్ళు. దీనివల్ల అప్లికేషన్లు నింపేటప్పుడు తలనొప్పి తప్ప మనసు మీద పెద్ద ప్రభావం ఉంటుందనుకోను. బెంగ పడేవాళ్ళు జిల్లా హెడ్‌క్వార్టర్ చూసి బెంగ పడరు.

ఊరు ఉంది కానీ నేను పెరిగిన ఊరు అది కాదు. అందుకే ఏమీ అనిపించడం లేదేమో?

ఇక్కడ మనుషులు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరికి మార్పే బాధను రేపుతుంది. అమెరికాలోని బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే పేదల పేటను 1950ల చివర్లో పడగొట్టి జనాన్ని తరలించినప్పుడు, మార్క్ ఫ్రీడ్ అనే పరిశోధకుడు వాళ్ళను కలిసి, 1963లో తన వ్యాసంలో రాసింది ఏమిటంటే, చాలామంది ఆత్మీయుడు చనిపోతే పడే దుఃఖం లాంటిది పడ్డారని. ఆస్ట్రేలియాలో హంటర్ లోయ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల చుట్టూ ఉన్న పల్లెలవాళ్ళు ఊరు విడవకుండానే ఊరి బెంగ పడటం చూసి, గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అనే తత్వవేత్త దానికి 'సోలాస్టాల్జియా' అని పేరు పెట్టాడు. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టుల పక్కన బతుకుతున్నవాళ్ళకు దీన్ని వివరించి చెప్పాల్సిన పని లేదు. పేలుడుకు గోడలు అదురుతాయి, తెలిసిన చెరువు మట్టి దిబ్బ కింద మాయమవుతుంది. మిడ్ మానేరు కింద ఊళ్ళకు ఊళ్ళే మునిగిపోయిన వాళ్ళ సంగతి ఇంకా వేరు.

ఇంకొందరికి మార్పు తాడు తెంపేస్తుంది. చూపించి "ఇదే" అనడానికి ఏమీ మిగలదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. మిల్లు కూత విని లేచిన ఇంట్లో పెరిగిన మనిషి ఇవాళ వరంగల్లో దిగితే, తన వరంగల్‌కు దారి చూపించే గుర్తులు తక్కువ. జ్ఞాపకం లేవడానికి ఒక వాసనో, మలుపో, గోడో కావాలి. అది దొరకనప్పుడు మనసు ఊరుకుంటుంది. మీరు ఈ రెండో రకం అయితే, బస్టాండ్ దగ్గర నిలబడి ఏమీ అనిపించలేదని నొచ్చుకోకండి. సర్వపిండి వేగే వాసన వచ్చినప్పుడు ఏమనిపిస్తుందో చూసి అప్పుడు చెప్పండి.

నా చిన్నతనం అసలు బాగుండలేదు. ఆ ఊరిని తలుచుకోవాలనే లేదు. ఇది తప్పా?

ఈ ప్రశ్నకు ఊరిని పొగిడేవాళ్ళు సాధారణంగా జవాబు చెప్పరు, పక్కకు తప్పుకుంటారు. కాబట్టి కొంచెం వివరంగా.

ముందు మనసు పనితీరు సంగతి. కాలం గడిచేకొద్దీ చేదు జ్ఞాపకాల్లోని చేదు, తీపి జ్ఞాపకాల్లోని తీపి కంటే వేగంగా తగ్గుతుందని మనస్తత్వవేత్తలు పదే పదే గమనించారు. అందుకే చాలామందికి బాల్యం అసలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. కానీ దిగులుగా, కుంగుబాటులో ఉండేవాళ్ళలో ఈ తేడా తగ్గిపోతుందని కూడా చూశారు. చేదు అలాగే ఉండిపోతుంది. రోజూ తాగొచ్చి కొట్టే తండ్రి, అప్పులవాళ్ళు వచ్చి గుమ్మంలో కూర్చోవడం, చుట్టంగా వచ్చినవాడి చెయ్యి తగలకూడని చోట తగలడం: ఇవి జరిగిన ఇల్లూ వీధీ తీపిగా గుర్తుకు రావాలని అడగడం అన్యాయం.

రెండోది, ఊరు అందరికీ ఒకే ఊరు కాదు. గ్రామాన్ని ఆదర్శంగా చూపించినవాళ్ళకు జవాబుగా అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో, అది సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నిలయమని మొహమాటం లేకుండా చెప్పారు. హోటల్లో వేరే గ్లాసు, ఊరి చివర వాడ, పేరు చివర "గా" తగిలించి పిలిచే పిలుపు అనుభవించిన కుటుంబంలోంచి వచ్చి హైదరాబాద్‌లో ఎవరూ ఏమీ అడగని అద్దె ఇంట్లో గుండెల నిండా గాలి పీల్చుకున్నవాళ్ళు చాలామంది. వాళ్ళను "మట్టి వాసన మర్చిపోయావా" అని అడిగేవాళ్ళు ఆ మట్టి మీద తామెక్కడ నిలబడి ఉండేవాళ్ళో ముందు చెప్పాలి.

మూడోది ఈ ప్రాంతం చరిత్ర. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఈ జిల్లాల పల్లెల్లో రాత్రిపూట తలుపు కొడితే వచ్చింది అన్నలో (నక్సలైట్లు) పోలీసులో తెలియక ఊపిరి బిగబట్టిన ఇళ్ళున్నాయి. ఆ కాలంలో పిల్లలుగా ఉన్నవాళ్ళకు వెన్నెల రాత్రులు గుర్తుకొస్తే, కుక్కల అరుపులు కూడా గుర్తుకొస్తాయి. వాళ్ళలో కొందరు మొత్తం పెట్టెనే మూసేశారు. భయంకరమైన అనుభవాల తర్వాత భావాలు మొద్దుబారడం మనసు తనను తాను కాపాడుకునే పద్ధతుల్లో ఒకటి. ఆ మూత మీకు అడ్డం రానంతవరకు తెరవాల్సిన పని లేదు. నిద్ర పాడవుతుంటే, ఊరి పేరు వినగానే గుండె దడ వస్తుంటే మాత్రం మానసిక వైద్యుల దగ్గర తెరవడమే మంచిది.

పెళ్ళై వచ్చేశాను. తల్లిగారింటి మీద బెంగ లేదంటే అందరూ వింతగా చూస్తున్నారు.

ఆడవాళ్ళకు ఈ విషయంలో రెట్టింపు పరీక్ష. బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలి, పోయి సంతోషపడాలి, తిరిగొచ్చేటప్పుడు ఏడవాలి. అత్తగారింట్లో మాత్రం ఆ బెంగ ఎక్కువ కనపడకూడదు. ఎంత, ఎక్కడ, ఎవరి ముందు బెంగ పడాలో కూడా వేరేవాళ్ళే నిర్ణయిస్తారు.

నిజానికి ఎంగిలిపూల నాటికి బయల్దేరి సద్దుల దాకా ఉండే ఆ తొమ్మిది రోజుల సంబరం అమ్మ ఉన్నన్నాళ్ళే. అమ్మ పోయాక వదినె ఎంత మంచిదైనా, వంటింట్లో డబ్బా ఏదెక్కడుందో అడగాల్సిన రోజు వస్తుంది. ఆ రోజుతో చాలామంది ఆడవాళ్ళకు ఊరు అయిపోతుంది. ఇంకొందరికి పెళ్ళికి ముందే అయిపోయింది: తమ్ముణ్ణి చదివించి తనను ఆపేసిన ఇల్లు అది. పెళ్ళయ్యాకే తన జీతం, తన బండి, తన ఇష్టమొచ్చిన సినిమా వచ్చినామె వెనక్కి చూసి దేనికి దిగులు పడాలి?

తెలంగాణ అంటే ప్రాణం పెడతాను, ఉద్యమంలో తిరిగాను. మా ఊరంటే మాత్రం ఏమీ లేదు. ఇదెలా?

అనుబంధం ఇల్లు, పేట, పట్నం, ప్రాంతం అనే వేర్వేరు కొలతల్లో ఉంటుంది, అన్నిట్లో సమానంగా ఉండదు. స్పెయిన్‌కు చెందిన ఇడాల్గో, ఎర్నాందెజ్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటి మీదా నగరం మీదా ఉన్నంత అనుబంధం ఆ రెండింటి నడుమ ఉన్న పేట మీద లేదని తేలింది. స్థలం కంటే అక్కడి మనుషులతో అనుబంధమే ఎక్కువని కూడా చూశారు. మీకు ప్రాంతంతో ముడి పడింది ఊళ్ళో కాదేమో. కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లోనో, ధర్నాలోనో, మీరు ఎంచుకున్న మనుషుల మధ్య పడి ఉంటుంది.

బయటి నుంచి వచ్చి నిట్‌లో నాలుగేళ్ళు చదివినవాళ్ళు వరంగల్ కోసం పడి చస్తారు. ఇక్కడే పుట్టిన నాకు లేదెందుకు?

నలభై దాటినవాళ్ళను జీవితంలో ముఖ్యమైన జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి ఎక్కువగా చెబుతారు. అందులోనూ మొదటిసారి చేసినవి. నిట్‌ను ఆర్‌ఈసీ అన్న రోజుల నుంచీ, అంటే 1959 నుంచీ, వేల మంది పిల్లలు మొదటిసారి ఇల్లు వదిలింది, మొదటిసారి తమ డబ్బు తాము లెక్కపెట్టుకున్నది, మొదటిసారి ప్రేమలో పడ్డది కాజీపేట, హన్మకొండ మధ్య ఆ రోడ్డు మీదే. మీ మొదటిసార్లు అమీర్‌పేట హాస్టల్లో జరిగి ఉంటాయి. ఆ మైత్రీవనం మలుపు గుర్తుకొస్తే ఏమైనా కదులుతుందేమో చూడండి. కదిలితే మీకు నోస్టాల్జియా ఉన్నట్టే, అడ్రస్ వేరు.

ఇది జ్ఞాపకశక్తి లోపం కావచ్చా?

అరుదుగా. జరిగినవన్నీ తెలిసి కూడా వాటిని మళ్ళీ మనసులో అనుభవించలేని ఆరోగ్యవంతులు కొందరుంటారని కెనడా పరిశోధకులు 2015లో వివరించారు. మనసులో బొమ్మ కట్టుకోలేనివాళ్ళు కూడా ఉంటారు. అదే ఏడాది బ్రిటన్ నరాల వైద్యుడు ఆడమ్ జెమన్ దానికి 'అఫాంటేసియా' అని పేరు పెట్టాడు. ఇలాంటివాళ్ళకు ఊరే కాదు, సొంత పెళ్ళి కూడా సమాచారంలాగే గుర్తుంటుంది. అది రోగం కాదు.

నాకు ఎవరితోనూ అంత దగ్గరితనం ఉండదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉండే వీలుంది. సౌతాంప్టన్ బృందమే 2010లో ఈ సంగతి చూసింది. మనుషుల మీద ఆధారపడటాన్ని తప్పించుకునే స్వభావం తక్కువగా ఉన్నవాళ్ళు ఒంటరితనంలో పాత జ్ఞాపకాల దగ్గరికి వెళ్ళి, "నాకూ మనవాళ్ళున్నారు" అన్న ధైర్యం తెచ్చుకుంటారు. ఆ స్వభావం ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఆ దారి అంతగా పనిచెయ్యదు. మీరు రెండో రకమైతే ఆలోచించాల్సింది ఊరి గురించి కాదు, ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి.

డిప్రెషన్ అయితే?

ఊరొక్కటే చప్పగా ఉంటే డిప్రెషన్ అనుకోనక్కర్లేదు. తిండి, పాట, పిల్లల నవ్వు, క్రికెట్ మ్యాచ్, అన్నీ చప్పబడి రెండు వారాలు దాటితే, నిద్రా ఆకలీ మారితే, డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.

దసరాకు ఊళ్ళో జమ్మి చేతిలో పెట్టి అందరూ ఎమోషనల్ అయిపోతారు. నేను నటించాలా?

ఏ సందర్భంలో ఏం అనిపించాలో కూడా సమాజం నియమాలు పెడుతుందని అమెరికా సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1979లోనే రాసింది. పెళ్ళిలో సంతోషం, చావింట్లో దుఃఖం, ఊళ్ళో బెంగ. నియమం ప్రకారం అనిపించకపోతే మనం అనిపించేలా చేసుకోవడానికి కష్టపడతాం. అలసట అక్కడి నుంచే. జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కండి, అలయ్ బలయ్ తీసుకోండి. అది మర్యాద, నటన కాదు. "మన ఊరి గాలే వేరు కదా" అని కాక అన్నప్పుడు "అవును కాకా" అనేస్తే ఎవరికీ నష్టం లేదు. స్టేటస్ పెట్టడం మాత్రం మీ ఇష్టం. ఆ పోస్టుల్లో సగం మంది బెంగ హైదరాబాద్ టోల్‌గేట్ దాటకముందే తీరిపోతుందని నా అనుమానం.

బెంగ లేనప్పుడు ఊరి బాధ్యతలు మాత్రం నాకెందుకు?

ఎందుకంటే రెండూ వేరు. బెంగ మన చేతిలో లేదు, బాధ్యత ఉంది. ఊరి కోసం కవితలు రాసి, ముసలి తల్లి మందులకు నెలకింత పంపని కొడుకుల్ని చూశాం. ఊరు పేరెత్తకుండా ప్రతి నెలా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చెకప్‌కు తీసుకుపోయే కూతుళ్ళనీ చూశాం. నాన్నకు దొంగ బెంగ చూపిస్తే ఆయన పట్టేస్తాడు, నలభై ఏళ్ళ నుంచి మిమ్మల్ని చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పడమే తేలిక: "బాపూ, ఊరంటే నీకున్నంత నాకు లేదు. నువ్వంటే ఉంది. పొలం పాస్‌బుక్కు ఎక్కడుందో చూపియ్యి, కౌలు సంగతి నేను చూసుకుంట." ఆయన కాసేపు అలుగుతాడు. తర్వాత బీరువా తాళం తెస్తాడు.

వయసు పైబడ్డాక బెంగ వస్తుందా?

కొందరికి వస్తుంది. రిటైర్మెంట్, పిల్లలు దూరమవడం, జీవిత భాగస్వామి పోవడం, వీటి తర్వాత పాత సంగతులు ఎక్కువగా పైకి లేస్తాయి. కానీ అప్పుడు లేచేది ఊరే కానక్కర్లేదు.

పిల్లలకు ఊరి మీద ప్రేమ ఎలా నేర్పాలి?

మీకే లేనిది నేర్పలేరు, వదిలెయ్యండి. నానమ్మ దగ్గర పది రోజులు ఒంటరిగా వదిలిపెట్టండి. మీరు లేకుండా. వాళ్ళకు వాళ్ళే ఏదో ఒకటి పోగేసుకుంటారు, లేదా సిగ్నల్ లేదని ఫోన్ చేస్తారు.

ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. తర్వాత పశ్చాత్తాపపడతానా?

రాబోయే రోజుల్లో మనకు ఎంత బాధ కలుగుతుందో, ఎన్నాళ్ళుంటుందో ఊహించేటప్పుడు మనం సాధారణంగా ఎక్కువ చేసి ఊహిస్తాం. డేనియల్ గిల్బర్ట్, టిమతీ విల్సన్ పరిశోధనలు ఈ సంగతే చెప్పాయి. కాబట్టి "ఏమో, రేపు ఏడుస్తానేమో" అన్న ఒక్క భయంతో పెంకులు రాలిపోతున్న ఇంటికి ఏటా రిపేరు ఖర్చు పెట్టనక్కర్లేదు.

అడ్వాన్స్ తీసుకునే ముందు ఒక పని మాత్రం చెయ్యండి. అక్కకో చెల్లెకో ఫోన్ చెయ్యండి. మీకు లేని బెంగ వాళ్ళకు ఉండొచ్చు, అదే ఇంట్లో వాళ్ళు పెరిగిన చిన్నతనం వేరు. చట్టప్రకారం వాళ్ళ వాటా సంగతి ఎలాగూ తేలాలి, అది వేరే లెక్క. దర్వాజా కావాలంటుందో, వడ్లు పోసుకున్న గుమ్మి కావాలంటుందో, గోడ మీది ఫొటోలు కావాలంటుందో అడగండి. కొన్నవాళ్ళు సామాను బయట పడేసే లోపు ఆమె ఒకసారి వచ్చి పోయేటట్టు రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోండి.